మెరుగు పెట్టని భరిణె

ప్లేయర్ మళ్ళీ అక్కడే తడబడింది.

“అమ్మా, నీకో మాట సెప్పాల” అంటాడు సోమేశ్వరం. వెంటనే చేటలో ఇసుక పోసి చెరిగినట్టు గరగరమని హోరు. “...ఏటి గట్టు...” మళ్ళీ హోరు. “...ఇంక నువ్వు...” హోరు. “...నాను...” అక్కడితో గొంతు తెగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ప్లేయర్ దానంతటదే మొదటికి వెళ్ళి “అమ్మా, నీకో మాట సెప్పాల” అంటుంది.

భ్రమరాంబ ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. కొడుకు పోయిన నాటి నుంచి ఆమెకు ఏడుపు రావడం మానేసింది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. లేచి మూత తీసింది. మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

“ఇంకా పలకడం లేదేటి?” ఎదురింటి కొండమ్మ చేట పట్టుకుని గడపలో నిలబడింది.

“పలుకుతున్నాది. మధ్య మధ్యలో మింగేస్తన్నాది.”

“గట్టిగా ఊదు. మా మామగారి రేడియో అలాగే మూలిగితే వెనకాల నుంచి రెండు దెబ్బలు వేసి ఊదీవోరు. దెబ్బకి వార్తలు సెప్పీసీది.”

“ఇది కొట్టకూడదంట.”

“కొట్టకూడని వస్తువు మనకెందుకిచ్చారమ్మా ఆ పట్నం వాళ్ళు?” అని కొండమ్మ చేట అరుగు మీద పెట్టి, ప్లేయర్ అందుకుని నిజంగానే ఊదింది. అగ్గిపెట్టె అంత వస్తువు అది. నీలం తెర మీద ఒక సన్నని గీత కదులుతూ ఉంటుంది. ఊదినా గీత అలాగే కదిలింది. అక్కడే ఆగింది.

సాయంత్రం భ్రమరాంబ దాన్ని రోడ్డు మీది సెల్‌ఫోన్ల కొట్టుకి పట్టుకెళ్ళింది. కొట్టు నడిపే చిన్నారావు ఆమెను పిన్నీ అంటాడు. పుల్లకి దూది చుట్టి ఇయర్‌ఫోన్ దూర్చే కన్నం శుభ్రం చేశాడు. వేరే ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాడు. నిండా చార్జింగ్ ఎక్కించాడు. చివరికి లోపలి కార్డు తీసి, తన కార్డు వేసి ఏదో సినిమా పాట పెట్టాడు. పాట గుక్కతిప్పుకోకుండా కొట్టంతా మోగింది.

“డబ్బీ బంగారం లాగున్నాది పిన్నీ. నీ పాటలోనే ఏదో తేడా.”

“అది పాట కాదురా. మావోడి గొంతు.”

చిన్నారావు పాట ఆపేశాడు. సోమేశ్వరంతో కలిసి చదువుకున్నవాడు. కార్డు మార్చి, ప్లేయర్‌ని కొంగులో వేసినంత నెమ్మదిగా ఆమె చేతిలో పెట్టాడు.

భ్రమరాంబకి మాత్రం ఆ మాట నచ్చలేదు. తేడా డబ్బీలోనే ఉండాలి. డబ్బీలో ఉంటే బాగు చేయవచ్చు. గొంతులో ఉంటే ఎవరు బాగు చేస్తారు?

*

కొండ్రుపాలెంలో ప్రతి ఇంటా లక్కబొమ్మలు చేస్తారు. తరిణి మీద గిరగిర తిరిగే అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చివర్న ఎండిన మొగలాకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. తాతల నాటి నుంచి వస్తున్న పని. ఆ పనిలో ఇంకొకటి కూడా జరుగుతోందని ఎవరికీ తెలియదు.

విశాఖపట్నంలోని పరిశోధనశాల నుంచి మృణాళిని అనే ఆవిడ వచ్చి చెప్పేదాకా తెలియదు. కడ్డీ పట్టుకున్నవాడు ఆ సమయంలో మాట్లాడితే, వాడి రొమ్ములో పుట్టిన అదురు చేతిలోంచి కడ్డీలోకి దిగి, ఆరుతున్న లక్కలో వెంట్రుక కంటే సన్నని గీతగా మిగిలిపోతుందట. ఆ గీతను వెలుగుతో తడిమి మళ్ళీ గొంతు చేసే యంత్రం ఆవిడ తయారు చేసింది. అయితే వెలుగు తగిలిన చోట లక్క మెత్తబడి గీత చెరిగిపోతుంది. ఒక్కసారే చదవగలరు. తర్వాత ఆ బొమ్మ మూగది.

ఊరిలో ఏ బొమ్మ చూసినా మూగదే అయింది. మొగలాకు రుద్దుడుకి గీతలన్నీ చదునైపోయాయి. అందుకే ఆవిడ ఇల్లిల్లూ తిరుగుతూ “మెరుగు పెట్టని వస్తువు ఏదైనా ఉందా?” అని అడిగింది.

“మావోడు ఆఖర్న చేసిన భరిణె ఉన్నాదమ్మా. దానికి వాడు మెరుగు పెట్టలేదు” అంది భ్రమరాంబ.

అబద్ధం కాదు. ఆ రోజు ఇంట్లో మొగలాకు అయిపోయింది. కరెంటు కూడా లేదు. మోటారు తరిణి మూలన పడుకుంటే, సోమేశ్వరం పాత తాడు తరిణి దింపాడు. తల్లి తాడు లాగింది, కొడుకు లక్క పట్టాడు. ఎర్రటి కుంకుమ భరిణె, అడుగూ మూతా ఒకే కర్రలో తీసి, రంగు వేశాక రెండుగా కోశాడు. తర్వాత కొడవలి తీసుకుని ఏటి వైపు వెళ్ళాడు. సాయంత్రానికి అతన్ని చింతతోపు దిగువన, రాళ్ళ దగ్గర చూశారు.

మోటారు హోరు లేదు కాబట్టి గొంతు పడి ఉండవచ్చని మృణాళిని మొహం వెలిగిపోయింది. భరిణె అడుగు పట్టుకెళ్ళింది. కొన్నాళ్ళకి దాన్నీ, ఈ ప్లేయర్‌నీ కలిపి పంపింది.

*

పరిశోధనశాలలో చలి ఎక్కువ. భ్రమరాంబ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ముక్కాలి పీట అంచున కూర్చుంది. ఫిరోజ్ అనే కుర్రాడు, మృణాళిని దగ్గర పనిచేసేవాడు, ప్లేయర్‌ని విప్పి చూస్తున్నాడు.

“ఇక్కడికొస్తే అన్నీ బాగానే పలుకుతాయమ్మా, డాక్టర్‌ని చూడగానే జ్వరం తగ్గినట్టు” అన్నాడు నవ్వించాలని.

ఆమె నవ్వింది, నవ్వాలి కాబట్టి.

అతను కార్డులోని గొంతును గోడకున్న పెద్ద స్పీకర్లలోకి పంపాడు. “అమ్మా, నీకో మాట సెప్పాల.” గది నిండా సోమేశ్వరం. తర్వాత గది నిండా హోరు. స్పీకరు పెద్దదయ్యేసరికి హోరు కూడా పెద్దదయింది, అంతే.

ఫిరోజ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ప్లేయర్‌లో దోషం లేదు. మేం కాపీ చేసిన ఫైల్లోనే ఇలా ఉంది. మేడమ్, మన చదువుడులోనే పొరపాటు జరిగిందా?”

మృణాళిని, చదవడానికి ముందు తీసిన భరిణె ఫొటోను తెర మీద పెద్దది చేసింది. ఎర్రటి లక్క మీద గీతలు దుక్కి చాళ్ళలా కనిపించాయి. అక్కడక్కడా చాళ్ళు లేవు. పశువులు గడ్డి మేసిన నేలలా నున్నగా ఉంది.

“భ్రమరాంబగారూ, ఈ భరిణెని మీరేమైనా చేశారా? కడగడం, నూనె రాయడం?”

“కడగలేదమ్మా. లక్క సామానుకి నీళ్ళు తగలనిస్తామా?” అంది భ్రమరాంబ. తమ పని తనకి తెలుసన్నట్టు కొంచెం నిటారుగా కూర్చుంది. “ఏడాదికోసారి వినాయక చవితికి ముందు తుడుస్తాను. అంతే.”

“దేనితో తుడుస్తారు?”

“మొగలాకుతో. వాడు మెరుగు పెట్టకుండా ఎల్లిపోయాడు కదా. అలా వొదిలీడానికి మనసొప్పలేదు. సంటిపిల్ల మొకం తుడిచినట్టు, నెమ్మదిగానే తుడిచాను. సూడండి ఎలా మెరుస్తన్నాదో.”

ఎక్కడో యంత్రం చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.

ఆమెకు అర్థమైంది. అయితే లోపల ఏదో కూలినట్టేమీ కాలేదు. అత్తారింటికి వెళ్ళే బస్సు దాటిపోయిందని ఎవరో చెప్పినట్టు అనిపించింది. ఒళ్ళో ఉన్న తన చేతులవంక చూసుకుంది. కుడిచేతి బొటనవేలు కొస లక్క పనితో ఎప్పటి నుంచో నున్నగా అయిపోయింది.

“మళ్ళీ చదవడానికి కుదరదా?”

“లేదండీ. ఇందులో ఇంకేమీ మిగల్లేదు” అని మృణాళిని కుర్చీ దగ్గరికి లాక్కుంది. “కానీ గొంతు ఇక్కడ ఆగలేదు. అతను అడుగు నుంచి మూత వైపు రంగు వేసుకుంటూ పోయాడు. మాట మధ్యలో ఉండగా అడుగు అయిపోయింది. మిగతా మాట మూత మీద ఉంటుంది. మూతకి కూడా మెరుగు పెట్టారా?”

“మూత నా కాడ లేదమ్మా.”

“మరి ఎవరి దగ్గరుంది?”

భ్రమరాంబ ప్లేయర్ తీగను వేలికి చుట్టుకుంది. “మా కోడలి కాడ” అంది చివరికి.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చెరకు బళ్ళు అడ్డం వచ్చి బస్సు ఆగుతూ ఆగుతూ పోతోంది.

ఊళ్ళో అప్పట్లో రెండు మాటలు నడిచాయి. కాలు జారాడని కొందరు. కాదని ఇంకొందరు. “ఈతొచ్చినోడు మోకాల్లోతు నీళ్ళలో పోతాడేటి?” అన్నది బావి దగ్గర ఎవరో. భ్రమరాంబ వెనక్కి తిరగకుండా బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ మాట మాత్రం ఆమెతోపాటు ఇంట్లోకి వచ్చి, పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు తాడు లాగుతూ ఉన్నప్పుడు వాడేదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె విన్నది, జవాబు కూడా చెప్పింది. ఏం చెప్పాడు? తాడు కిర్రుకిర్రుమనడం గుర్తుంది. మోకాళ్ళు లాగడం గుర్తుంది. మాటలు గుర్తులేవు. రోజూ మాట్లాడుకునే మాటలు ఎవరు దాచుకుంటారు? సాయంత్రం ఆ మనిషి ఉండడని తెలిస్తే కదా!

“అమ్మా, నీకో మాట సెప్పాల.” వాడు చెప్పాడేమో. ఇక బతకలేనని చెప్పాడేమో. తాను ఊఁ కొట్టి తాడు లాగుతూ ఉండిపోయిందేమో. ఆమెకు కావలసింది అదొక్కటే. కొడుకు తనతో చెప్పి వెళ్ళాడా, తాను వినలేదా.

కొడుకు పోయిన పదో రోజున ముత్తయిదువలు కాని ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, కోడలి చేతిలో ఉన్న, వాడు ఆఖర్న చేసిన కుంకుమ భరిణె తీసుకోమన్నారు. అత్తగారే తీసుకోవాలి, అది వాళ్ళ ఆనవాయితీ. తన భర్త పోయినప్పుడు తన అత్తగారు తన చేతిలోంచి తీసుకున్నట్టే, భ్రమరాంబ చెయ్యి చాచింది. హైమావతి భరిణె వదల్లేదు. లాగితే అడుగు ఇటొచ్చింది, మూత అటు పోయింది. ఆ పిల్ల గుప్పిట మూసేసుకుంది. ఎవరో “మూత కూడా” అన్నారు. భ్రమరాంబ ఆ గుప్పిట విప్పలేదు. ఎందుకు విప్పలేదో తనకే తెలియదు.

నెల మాసికం కాగానే హైమని వాళ్ళన్నయ్య తీసుకెళ్ళిపోయాడు. తర్వాత అనకాపల్లి సంబంధం కుదిరిందని తెలిసింది. మంచిదే అనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

*

బెల్లం మార్కెట్ వెనక సందులో ఇల్లు. తలుపు తీసిన హైమ కాస్త ఒళ్ళు చేసింది. నుదుట ఎర్రటి స్టిక్కరు. వెనక చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది.

“అత్తా!” అని, అలా పిలవచ్చో లేదో తెలియనట్టు ఆగింది. “లోపలికి రా. నీళ్ళు తాగుతావా?”

“ఇయ్యి.”

నీళ్ళు తాగడం అయింది. పాప ఎవరి పోలికో మాట్లాడుకోవడం అయింది. హైమ మొగుడు తాతారావు వ్యాను నడుపుతాడనీ, లోడు వేసుకుని రాజమండ్రి వెళ్ళాడనీ చెప్పడం అయింది. ఇంక మాట్లాడడానికి ఏమీ లేకపోయేసరికి భ్రమరాంబ చెప్పింది. లక్కలో గొంతు గురించి, మొగలాకు గురించి, మూత గురించి.

హైమ గోడకి ఆనుకుని విన్నది. విన్నాక చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు.

“అడుగు ఆ రోజు పట్టుకుపోయావు. ఇప్పుడు మూతకొచ్చావా?”

“అవును” అంది భ్రమరాంబ.

హైమ లోపలికి వెళ్ళి అలమరలోంచి మూత తెచ్చింది. అందులో నిండా పిన్నీసులు. లక్క వెలిసి, రంగు బెల్లం రంగులోకి తిరిగింది. ఒక్క మెరుపు లేదు.

“మా ఆయనకి తెలుసు ఇది ఎవరిదో. ఎప్పుడూ అడగలేదు. మంచోడు” అంది హైమ. “చదివేస్తే మళ్ళీ దీంట్లో ఏమీ ఉండదన్నావు కదూ?”

“ఉండదు.”

“చదవకపోతే ఉంటాది.”

“ఉంటాది. వినబడదు.”

హైమ పిన్నీసులు ఒక్కొక్కటీ తీసి గచ్చు మీద పెట్టింది. ఉయ్యాల చీర చిన్నగా కదిలింది. ఆమె కాలితో దాన్ని ఊపుతూ, తల ఎత్తకుండా అంది: “నువ్వూ నీ లక్కా కలిసి ఏట్లో దూకండి అని నీ కొడుకుతో అన్నాను అత్తా. ముందు రోజు సాయంత్రం. కోపంలో అన్నాను. ఒక్క సినిమాకి తీసుకెళ్ళడని.”

“విన్నాను.”

హైమ చేయి ఆగిపోయింది. “విన్నావా?”

“గోడ సన్నం కదా.”

“మరి ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదేం? నన్ను తిట్టలేదేం?”

“అంటే నిజమైపోతాదని భయం.”

హైమ మొహాన్ని రెండు చేతులతో తుడుచుకుంది. చేతులు తడి కాలేదు. ఇద్దరూ పిన్నీసుల కుప్ప వైపు చూస్తూ కూర్చున్నారు. బయట బెల్లం దిమ్మలు దించుతున్న కూలీలు ఒకరినొకరు బూతులు తిట్టుకుని నవ్వుకుంటున్నారు.

“అతను ఆ మాటే అని ఉంటే?” అంది హైమ. “నా మాట వల్లే అని అందులో ఉంటే? నేనీ పిల్లని పెంచుకోవాలి.”

“ఉంటే, నాతో కూడా సెప్పాడన్నమాట. నాను ఆపలేదన్నమాట. నీకొక్కదానికే కాదు.”

“అది ఓదార్పా అత్తా?”

“కాదు.”

పాప లేచి ఏడ్చింది. హైమ పాపని ఎత్తుకుంది. రెండో చేత్తో మూత అందుకుని చూసింది. ఇవ్వలేదు. “నేనూ వస్తాను. నా ముందే చదవాలి” అంది.

*

యంత్రం కుట్టుమిషన్ కంటే పెద్దది కాదు. మూత దాని మధ్యలో, గాజు గిన్నె కింద నెమ్మదిగా తిరుగుతోంది. సన్నని ఊదారంగు వెలుగు దాని మీద నిలబడింది. వెలుగు దాటిన చోటల్లా లక్క తడిసినట్టు మెరిసి, వెంటనే మామూలైంది. హైమ గాజుకి దగ్గరగా నిలబడి చూస్తోంది. వెలుగు అంచు చివరికి చేరేసరికి ఆమె చూపు తిప్పేసుకుంది.

“అయిపోయింది” అంది మృణాళిని. ఆవిడ గొంతు కూడా తగ్గింది. “తాడు ముందుకీ వెనక్కీ లాగుతారు కదా, మాట ముక్కలు ముక్కలుగా పడింది. ఫిరోజ్ అతుకుతున్నాడు. దీని మీద మెరుగు లేదు. అంతా ఉంది.”

“మీరు బయట ఉండమంటే ఉంటాం” అన్నాడు ఫిరోజ్.

“ఇక్కడే ఉండండి బాబూ. పరాయోళ్ళా?” అంది భ్రమరాంబ. ఎందుకో ఒంటరిగా వినడానికి భయం వేసింది.

స్పీకర్లు వద్దంది. ప్లేయర్‌లోనే కావాలంది. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది హైమకి ఇచ్చింది. తీగ పొట్టిది. ఇద్దరూ భుజాలు తగిలేలా కూర్చోవలసి వచ్చింది.

ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది.

“...కోసుకొస్తాను ఎండు మొగలాకు. నీ మోకాళ్ళకి ఆ గట్టు పనికిరాదు. వానకి జారిపోతన్నాది.”

తర్వాత నిశ్శబ్దం. హోరు కాదు, నిశ్శబ్దం. నీలం గీత మాత్రం కదులుతూనే ఉంది.

తర్వాత సోమేశ్వరం నవ్వాడు. ముక్కులోంచి వచ్చే నవ్వు, చిన్నప్పటి నుంచీ అంతే. “సరే, అదీ తెస్తాను లే.”

మళ్ళీ చిన్న నిశ్శబ్దం.

“దీనికి మెరుగు పెట్టి సేతిలో పెడితే సాయంత్రానికి హైమ కోపం దిగిపోతాది. నువ్వు మాత్రం ముందే సెప్పీకు.”

అంతే. మూత అయిపోయింది.

హైమ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయలేదు. గోళ్ళ వైపు చూసుకుంటూ “ఇంకోసారి పెట్టు” అంది. పెట్టింది. “ఇంకోసారి” అంది. మూడోసారి అయ్యాక ఇయర్‌ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, భ్రమరాంబ అరచేతిలో పెట్టింది. ఊపిరి ఒకటి, పెద్దది, బయటికి వచ్చింది. ఏళ్ళ తరబడి మోసిన బిందె దింపినవాళ్ళు వదిలే ఊపిరి అది. ఏడుస్తుందేమోనని మృణాళిని లేచింది. హైమ ఏడవలేదు. “పాపకి పాలు పట్టాలి” అంది.

భ్రమరాంబకు కూడా తేలికపడాలి. కొడుకు చావాలని వెళ్ళలేదు. ఆకు కోసం వెళ్ళాడు. వాడు చెప్పాడు, తాను విన్నది. ఎదురుచూసిన జవాబు వచ్చింది. అయినా ఆమె మనసు ఒక్కచోటే నిలబడిపోయింది, తాడు చిక్కుపడ్డ తరిణిలా.

తాను వెళ్ళవలసిన గట్టు మీదికి వాడు వెళ్ళాడు. అది ఒకటి. ఇంకొకటి ఆ నిశ్శబ్దం.

“అమ్మా, ఆ మధ్యలో ఖాళీ ఉంది కదా” అన్నాడు ఫిరోజ్, ఏదో ఒక సాయం చేయాలని. “అది తీసేస్తే ఎక్కడా ఆగకుండా సాఫీగా వస్తుంది. రెండు నిమిషాల పని.”

“తీయకు బాబూ. అది ఖాళీ కాదు. అక్కడ నాను మాట్లాడాను.”

ఫిరోజ్‌కి అర్థం కాలేదు. మృణాళినికి అర్థమైంది. “కడ్డీ అతని చేతిలో ఉంది. అతని గొంతే లక్కలోకి దిగింది. తాడు దగ్గర మీరు అన్నది ఎక్కడా పడలేదు” అంది నెమ్మదిగా.

“నువ్వేదో తెమ్మన్నావు అత్తా. ‘అదీ తెస్తాను’ అన్నాడు” అంది హైమ. “ఏం తెమ్మన్నావు?”

భ్రమరాంబ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తాడు కిర్రుకిర్రుమంది. మోకాళ్ళు లాగాయి.

“తెలవదు” అంది.

ఆకు ఒక్కటే అయితే కోసుకుని వచ్చేసేవాడా, రెండోదాని కోసం ఇంకొంచెం ముందుకి వంగాడా అన్నది ఆ గదిలో అందరికీ తోచింది. అందరూ దాన్ని పైకి అనకుండా ఉంచేశారు.

భ్రమరాంబ సంచిలోంచి భరిణె అడుగు తీసి హైమ ముందు పెట్టింది. “నీ కోసం సేశాడు. నీ కాడే ఉండాల.” హైమ మూత తెచ్చి దాని మీద పెట్టింది. ఒకప్పుడు మూత పడితే టప్పుమని గాలి పలికేంత బిగువు. ఏటా మొగలాకు రుద్దుడుకి అడుగు అరిగిపోయింది. మూత వదులుగా ఊగింది.

“కుంకం ఒలికిపోతాది” అంది భ్రమరాంబ.

“పిన్నీసులే వేసుకుంటాను” అంది హైమ.

గొంతు ఫోన్లో వేసి ఇమ్మంటారా అని ఫిరోజ్ అడిగితే హైమ వద్దంది. “మూడుసార్లు విన్నాను. చాలు. ఇంటికెళ్ళాక ఇంకో మనిషికి అన్నం పెట్టాలి నేను.” బస్టాండులో విడిపోయేటప్పుడు ఆమె వంగి అత్తగారి కాళ్ళు తాకింది. భ్రమరాంబ చెయ్యి ఎత్తింది గానీ ఏం దీవించాలో తోచక, ఆ పిల్ల చెంప మీద అంటిన దుమ్ము తుడిచింది.

*

ఇంటి అటక మీద ఎండిన మొగలాకు కట్ట ఉంది. ఎవరో బొమ్మల మెరుగుకి కావాలని అడిగితే ఇచ్చేసింది.

“బాగు చేశారా?” అని అడిగింది కొండమ్మ.

“చేశారు. ఇప్పుడు బాగానే పలుకుతున్నాది.”

“ఎలా చేశారేటి? ఊదారా?”

“ఆఁ” అంది భ్రమరాంబ. కొండమ్మ గెలిచినట్టు తలాడించి వెళ్ళింది.

పప్పు పొయ్యి మీద పెట్టి, అరుగు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఆమెకు అలవాటైంది. హోరులన్నీ దాటి గొంతు వస్తుంది. గట్టు జారిపోతోందని వస్తుంది. తర్వాత ఆ నిశ్శబ్దం వస్తుంది. తన వంతు.

మొదట ఊరికే వినేది. తర్వాత పెదాలు కదలడం మొదలెట్టాయి.

“మొగలి పువ్వు కూడా తేరా, హైమకి” అంది ఒకరోజు. సోమేశ్వరం నవ్వాడు. “సరే, అదీ తెస్తాను లే.” సరిపోయింది. అదే అయి ఉంటుందనుకుంది.

మర్నాడు “చింతచిగురు తే, పప్పులోకి” అంది. సోమేశ్వరం అలాగే నవ్వాడు. “సరే, అదీ తెస్తాను లే.” అదీ సరిపోయింది. కట్టెలు తెమ్మంది. ఇసుక తెమ్మంది. ఏటి రాయి, నూరుకోవడానికి నున్నటిది తెమ్మంది. అన్నీ సరిపోయాయి. వాడు ఏది అడిగినా కాదనని కొడుకు. ముందు కూడా అంతే.

ఇవాళ పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తులేదు. లేచి చూడాలి అనుకుంటూనే కూర్చుంది. గట్టు మాట వచ్చింది. మోకాళ్ళ మాట వచ్చింది. నీలం గీత నిశ్శబ్దంలోకి దిగింది.

“ఎల్లకురా సోమూ” అంది భ్రమరాంబ. “ఆకు వొద్దు. భరిణె అలాగే ఉండనీ.”

సోమేశ్వరం ముక్కులోంచి నవ్వాడు.

“సరే, అదీ తెస్తాను లే.”

చివరిదాకా వెళ్ళి ప్లేయర్ మొదటికి వచ్చింది.

“అమ్మా, నీకో మాట సెప్పాల.”